ధ్వని సంస్కారము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయము గోడమీద "నిశ్శబ్దము" అని వ్రాసియుండుట ఆచారము. మైకుసెట్టు అనునది ఆ నిశ్శబ్దమును చెఱచుటకే పుట్టినదని పెద్దల అభిప్రాయము. ఇట్టి రెంటికిని ఒకే సభలో పొత్తు కుదురునా యని శంక కలుగవచ్చును. విచారించినచో కుదురుననియే తేలును. ధ్వనిని చక్కదిద్దు పరికరములను ఇంటిలో చేసికొను విద్య చాలవఱకు అచ్చుకాగితము మీదుగానే లోకమున వ్యాపించినది. ఒక దేశమున ఒకరు ఆలోచించి, పటము గీసి, పత్రికలో ప్రకటించిరి. ఇంకొక దేశమున ఇంకొకరు దానిని చదివి, టంకము వేసి, రేకు పెట్టెలో బిగించి, వినిరి. చదువునకు ఇంతకంటె ప్రత్యక్షమైన ఫలము అరుదు.

ముందుగా ప్రయోజనము చెప్పవలెను. మాట వినబడుట వేఱు, తెలియుట వేఱు. తుపాను వచ్చుచున్నదని, కాలువకు గండి పడినదని, టీకాలు వేయువారు వచ్చిరని మైకులో చాటినప్పుడు ధ్వని ఊరి పొలిమేర దాటును. మాట మాత్రము మూడవ వీథికే చెడిపోవును. "ఏదో చెప్పుచున్నారు" అనుకొని జనులు తిరిగి తమ పనిలో పడుదురు. హరికథలో భాగవతారు విసరిన చమత్కారమునకు ముందు వరుస నవ్వును. వెనుక వరుస ముందువారిని చూచి నవ్వును. దీనికి ధ్వనిని హెచ్చించుట మందు కాదు. సంస్కరించుట మందు. బంగారమునకు పుటము పెట్టినట్లు, బియ్యమునకు చేట పట్టినట్లు, ధ్వనిలో ఉండవలసినదానిని ఉంచి, ఉండరానిదానిని తొలగించుటయే ధ్వని సంస్కారము.

శబ్దము ఎట్లు ప్రయాణము చేయునను ప్రశ్న మన తార్కికులకు కొత్తది కాదు. వారు శబ్దమును ఆకాశగుణముగా చెప్పి, అది చెవిని చేరు విధమునకు రెండు న్యాయములు చూపిరి. చెఱువులో రాయి వేసినప్పుడు అల వెనుక అల పుట్టినట్లు వ్యాపించునన్నది వీచీతరంగ న్యాయము. కడిమిపూవు మొగ్గలు ఒక్కసారిగా అన్ని దిక్కులకు విచ్చుకొనినట్లు వ్యాపించునన్నది కదంబముకుళ న్యాయము. నేటి శాస్త్రము ఆకాశమునకు బదులు గాలిని ఆశ్రయముగా చెప్పుచున్నది గాని, అలయను మాట అట్లే నిలిచినది. ఇరువది డిగ్రీల వేడిగల గాలిలో శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. ఆరోగ్యముగల పడుచువాని చెవి సెకనుకు 20 కంపనములు మొదలు 20,000 కంపనముల వఱకు గుర్తింపగలదు. ఈ కంపన సంఖ్యకు హెర్ట్జ్ అని పేరు. 20 హెర్ట్జ్ అల పొడవు 17 మీటర్లు. 20,000 హెర్ట్జ్ అల పొడవు ఒకటిన్నర సెంటీమీటరుకు కొంచెము పైన. ఇంత పెద్ద అలను, అంత చిన్న అలను ఒకే కాగితపు గరాటు సమానముగా పుట్టింపవలెననుట ఏనుగును, చీమను ఒకే కాడికి కట్టుట వంటిది. స్పీకర్ల కష్టములలో సగము ఇందులోనే యున్నది.

ఇక మాట సంగతి. శిక్షాశాస్త్రము చదివినవారు అచ్చు స్వతంత్రమనియు, హల్లు దానిని ఆశ్రయించి పలుకుననియు ఎఱుగుదురు. యంత్రముతో కొలిచి చూచినను ఇంచుమించుగా ఇదే తేలుచున్నది. మాటలోని బలములో అధికభాగము అచ్చులది. అది చాలవఱకు 1,000 హెర్ట్జ్‌కు క్రిందనే యుండును. హల్లుల బలము స్వల్పము. ఐనను అర్థభేదము చేయునవి అవియే. "కాలు, పాలు, తాలు" అను మూడింటను అచ్చు ఒకటే. మొదటి హల్లు పోయినచో మూడును ఒక్కటే యగును. ఈ హల్లుల గుర్తులు ముఖ్యముగా 2,000 హెర్ట్జ్‌కు పైన ఉన్నవి. సకారపు ఒరపిడి 4,000కు పైన గాని బాగుగా తెలియదు. పాతకాలపు టెలిఫోను 300 మొదలు 3,400 హెర్ట్జ్ వఱకు మాత్రమే మోసెడిది. అందుచేతనే ఫోనులో పేరు చెప్పునపుడు ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క ఊరి పేరు చెప్పవలసి వచ్చెడిది. మైకుసెట్టు మీద మంద్రపు మీటను పూర్తిగా త్రిప్పి, "గంభీరముగా నున్నది" అని సంతోషించువాడు అచ్చులను మేపి హల్లులను పస్తు పెట్టుచున్నాడు. మంద్రధ్వని బలిసినకొలది చెవిలో తారధ్వనిని కప్పివేయును కూడ.

లౌడుస్పీకరు చరిత్ర పెద్దది. ఇచట రెండు మూడు మాటలు చాలును. 1915 డిసెంబరు 24న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జెన్సెన్, ప్రిడమ్ అనువారు తమ యంత్రముతో బహిరంగ సభకు సంగీతమును, ఉపన్యాసమును వినిపించిరి. 1919 సెప్టెంబరులో అధ్యక్షుడు విల్సన్ శాండియాగోలో అట్టి యంత్రము ద్వారానే వేలాది జనముతో మాటాడెను. 1925లో రైస్, కెలాగ్ అను ఇంజనీర్లు, అయస్కాంతము నడుమ తీగచుట్ట ఆడగా దానికి అంటిన కాగితపు గరాటు గాలిని కదల్చు స్పీకరును వివరముగా ప్రకటించిరి. నేటి సౌండు బాక్సులలో ఉన్నది దాని సంతానమే. భారతదేశమున స్వాతంత్ర్యోద్యమ కాలపు సభల ఛాయాచిత్రములందు మైకు మీద "చికాగో రేడియో" అను పేరు కనబడుచుండును. పేరు పరదేశపుదైనను అది భారతీయుల వ్యాపారసంస్థ.

ఇంటిలో చేయదగినది పెద్ద ఆంప్లిఫయరు కాదు. దాని ముందు కూర్చుండు చిన్న పెట్టె. మైకు నుండి వచ్చు విద్యుత్తు వోల్టులో వేయవవంతు లెక్కలో నుండును. దానిని ఒక వోల్టు దరిదాపునకు పెంచిన తరువాత, పెద్ద ఆంప్లిఫయరుకు పంపక ముందు, ఈ పెట్టెలో సంస్కారము జరుగును. ఇక్కడ శక్తి స్వల్పము, భాగములు చిన్నవి, వెల తక్కువ. తప్పు జరిగినను స్పీకరు కాలక ముందే సవరించుకొనవచ్చును.

ఆ పెట్టెలో ముఖ్యపాత్రలు రెండు: రెసిస్టరు, కెపాసిటరు. రెసిస్టరు అన్ని కంపనములను ఒకే విధముగా అడ్డగించును. కెపాసిటరు పక్షపాతము గలది: మంద్రమునకు గట్టి అడ్డు, తారమునకు తెరచిన తూము. ఈ రెంటిని జతచేసినచో వడపోత ఏర్పడును. ఏ కంపనము దగ్గఱ వడపోత ఆరంభమగునో తెలిసికొనుటకు ఒక సూత్రము కలదు: రెసిస్టరు విలువను కెపాసిటరు విలువతో గుణించి, దానిని 6.283తో గుణించి, వచ్చినదానితో ఒకటిని భాగింపవలెను. 15,000 ఓములను 0.1 మైక్రోఫారడుతో జతచేసిన 106 హెర్ట్జ్ వచ్చును. దశాంశములు కూడి తీసివేయగల విద్యార్థి ఎవడైనను దీనిని పలకమీద వేయగలడు. ఇందులో మంత్రము లేదు.

మూడవ పాత్ర ఆప్ ఆంపు అను చిన్న నల్లని గొంగళిపురుగు వంటి వస్తువు. 1968లో వచ్చిన 741 అనునది దీనిని సామాన్యుల చేతికి తెచ్చినది. ధ్వని పనికి తరువాత వచ్చిన టీఎల్072, ఎన్ఈ5532 మేలైనవి. వీటిలో ఎనిమిది కాళ్ల చిప్పు ఒక్కొక్క దానిలో రెండేసి ఆప్ ఆంపులుండును. దీని గొప్పతనము తెలియుటకు ఋణపునర్దానము అను భావము తెలియవలెను.

1927 ఆగస్టు 2వ తేదీన హెరాల్డ్ బ్లాక్ అను యువ ఇంజనీరు న్యూయార్కునకు హడ్సన్ నది మీదుగా పడవలో ఉద్యోగమునకు పోవుచుండెను. దూరపు టెలిఫోను తీగలలో మాట వికారమగుటను ఎట్లు మాన్పుటయా యని అతడు కొన్ని యేండ్లుగా తపించుచుండెను. ఆ పడవలోనే ఆలోచన తట్టగా చేతిలోని వార్తాపత్రిక పుట మీద దానిని వ్రాసికొనెను. ఆలోచన ఇది: ఆంప్లిఫయరు ఇచ్చు ఫలములో కొంతభాగమును తలక్రిందుగా మొదటికి తెచ్చి, వచ్చిన ధ్వనిలో నుండి తీసివేయవలెను. తాను చేసిన తప్పు తనకే తిరిగి కనబడి, తానే దిద్దుకొనును. లాభము తగ్గును, నిజాయితీ పెరుగును. లెక్క చూడుడు: వేయింతలు పెంచగల యంత్రమును ఈ విధముగా పదింతలకు కట్టడి చేసితిమనుకొనుడు. కాలక్రమమున దాని బలము వేయి నుండి ఐదువందలకు పడిపోయినను, కట్టడిలోని ఫలము 10 నుండి 9.9కి మాత్రమే దిగును. సగము ఆస్తి పోయినను ఇంటి ఖర్చు తప్పని సంసారము వంటిది అది.

పునర్దానమునకు చెడ్డ ముఖము కూడ కలదు. మైకు కీచుమని కూయుట అందఱు ఎఱిగినదే. స్పీకరు నుండి వచ్చిన ధ్వని మైకులో పడి, మరల స్పీకరులో వచ్చి, మరల మైకులో పడును. ఇది వడ్డీకి వడ్డీ లెక్క. రూపాయి పోయి ప్రతి తిరుగుడులో యేబది పైసల వంతున వచ్చినచో మొత్తము రెండు రూపాయల దగ్గఱ నిలుచును. తొంబది పైసల వంతున వచ్చినచో పది రూపాయలగును. అప్పటికే మాట గుండిగలో పలికినట్లు మ్రోగును. నూఱు పైసలకు నూఱు పైసలు వచ్చినచో అప్పునకు అంతులేదు, అదియే కూత. కావున తిరిగి వచ్చు భాగము సగమునకు మించకుండ చూచుకొనుట అనుభవజ్ఞుల నియమము. స్పీకర్లను మైకుకు ముందు ప్రక్కన, సభవైపు ముఖముగా నుంచుటయు, ఉపన్యాసకుని నోటికి మైకు దగ్గఱగా నుంచుటయు మొదటి చికిత్స. నోటికి మైకునకు గల దూరమును సగము చేసినచో ధ్వని బలము నాలుగింతలగును; ఇందుకు కాణీ ఖర్చు లేదు. ఆ తరువాతనే వడపోతలు.

గృహనిర్మాణమునకు మొదటి పాఠము బాక్సండాల్ స్వరనియంత్రణము. పీటర్ బాక్సండాల్ ఆంగ్లేయుడు. 1952 అక్టోబరులో "వైర్‌లెస్ వరల్డ్" అను పత్రికలో ఆయన దీనిని ప్రకటించెను. రెండు మీటలు: ఒకటి మంద్రమునకు, ఒకటి తారమునకు. ఋణపునర్దానమును ఉపయోగించుటచేత, రెండు మీటలును నడుమ నిలిపినప్పుడు ధ్వని ఉన్నదున్నట్లు పోవును. ఒకవైపు త్రిప్పిన హెచ్చును, రెండవవైపు త్రిప్పిన తగ్గును. నడుమనున్న కంఠస్వరము ఇంచుమించుగా కదలదు. అటుతరువాత ప్రపంచమున తయారైన ఆంప్లిఫయర్లలో ఎన్నింటియందో ఈ అమరికయే కలదు. ఒక పత్రికలోని కొన్ని పుటలు ఇన్ని కోట్ల చెవులను చేరినవి.

ఐతే మీట చేతికి వచ్చినంతనే వివేకము రాదు. డెసిబెల్ అను కొలత సంవర్గమానపు లెక్క: 3 డెసిబెల్లు పెంచిన శక్తి రెండింతలు కావలెను, 10 డెసిబెల్లు పెంచిన పదింతలు. మంద్రపు మీటను 10 డెసిబెల్లు త్రిప్పినవాడు, 20 వాట్లతో జరుగు పనికి 200 వాట్లు అడుగుచున్నాడు. ఆంప్లిఫయరు వద్ద అంత లేనప్పుడు అది అలల తలలు నఱకి పంపును. ఆ మొండి అలలే చిటపటలై, స్పీకరు తీగచుట్టలను కాల్చును. కావున హెచ్చించుటకంటె తగ్గించుట మేలు. తారము చాలదనిపించినచో ముందు మంద్రమును తగ్గించి చూడవలెను. ఆదాయము పెంచలేనివాడు ఖర్చు తగ్గించుకొని సుఖపడినట్లే ఇది.

రెండవ పాఠము విభాగ యంత్రము. మంచి సౌండు బాక్సులో మంద్రమునకు పెద్ద స్పీకరు, తారమునకు చిన్న స్పీకరు ఉండును. వచ్చిన ధ్వనిని రెండుగా విడదీసి, ఎవరి భాగము వారికీయవలెను. హంస పాలను, నీళ్లను వేఱుచేయునని కవిసమయము. ఆ పనిని ఇక్కడ వడపోతలు చేయవలెను. ఆంప్లిఫయరు తరువాత విడదీయవలెనన్న లావు రాగి చుట్టలు కావలెను. ఆంప్లిఫయరుకు ముందు విడదీసి, ఒక్కొక్క స్పీకరుకు ఒక్కొక్క ఆంప్లిఫయరు ఇచ్చినచో చిన్న భాగములే చాలును.

ఇందు ఒక చిక్కు కలదు. రెండు స్పీకర్లు ఒకే చోట ఉండవు. ఒకటి పైన, ఒకటి క్రింద. రెండును కలసి పలుకు సరిహద్దులో ఒకదాని అల లేచునప్పుడు రెండవదాని అల దిగుచున్నచో, ధ్వని ఎదురుగా కూర్చున్నవానికి పోక పైకో, క్రిందికో వంగిపోవును. జర్మనీలో పుట్టి అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో కొలత యంత్రములు నిర్మించిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, అచటి సహచరుడు రస్ రైలీతో ఆలోచించి, 1976లో దీనికి పరిష్కారము ప్రకటించెను. స్పీకర్లు ఆయనకు ఉద్యోగము కాదు, ఇంటి వ్యాసంగము. 2018లో ఆయన మరణించువఱకు ఆ వ్యాసంగము విడువలేదు.

ఆ పరిష్కారపు అందము జమాఖర్చులు చూచువారికి చప్పున బోధపడును. సరిహద్దు కంపనము దగ్గఱ మంద్రభాగము సగము, తారభాగము సగము. దానికి సగము కంపనము దగ్గఱ మంద్రభాగము పదునేడింట పదునాఱు, తారభాగము పదునేడింట ఒకటి. రెట్టింపు కంపనము దగ్గఱ తారుమారు: మంద్రము పదునేడింట ఒకటి, తారము పదునేడింట పదునాఱు. ఎక్కడ కూడినను మొత్తము ఒకటే. పైగా రెండు అలలును ఎల్లప్పుడు జతకట్టి లేచును, జతకట్టి దిగును. అన్నదమ్ములు పొలము పంచుకొనినప్పుడు గట్టు దగ్గఱ ఒక్క గజమైనను పోకుండ, ఒక్క గజమైనను ఇద్దఱికి పడకుండ లెక్క కుదిరినట్లు ఇది కుదురును.

దీనిని నిర్మించు విధము కూడ సులభము. 1955లో సాలెన్, కీ అను ఇద్దఱు అమెరికను ఇంజనీర్లు ప్రకటించిన వడపోతను ఒకదాని వెనుక ఒకటిగా రెండుసార్లు వాడవలెను. కావలసిన రెసిస్టర్లన్నియు 10,000 ఓములవి; కెపాసిటర్లన్నియు 4.7 నానోఫారడులవి. మంద్రపు వైపు ప్రతి అంతస్తునకు రెండు రెసిస్టర్లు వరుసగా వచ్చును. రెండవదాని చివర ఆప్ ఆంపు నోటిని చేరును. అచటి నుండి ఒక కెపాసిటరు భూమికి పోవును. రెండు రెసిస్టర్ల నడుమ నుండి ఆప్ ఆంపు ఫలస్థానమునకు రెండు కెపాసిటర్లను ప్రక్కప్రక్కన కట్టవలెను. తారపు వైపు రెసిస్టరు ఉన్నచోట కెపాసిటరును, కెపాసిటరు ఉన్నచోట రెసిస్టరును పెట్టవలెను. అనగా రెండు కెపాసిటర్లు వరుసగా వచ్చును. నడుమ నుండి ఫలస్థానమునకు ఒక రెసిస్టరు. భూమికి పోవుచోట రెండు రెసిస్టర్లు ఒకదాని తరువాత ఒకటి. ప్రతి ఆప్ ఆంపు యొక్క ఋణముఖమును దాని ఫలస్థానముతోనే కలుపవలెను. రెండు వైపులకు, రెండేసి అంతస్తులకు కూడి చూడగా పది రెసిస్టర్లు, పది కెపాసిటర్లు, రెండు చిప్పులు. సరిహద్దు 2,394 హెర్ట్జ్ దగ్గఱ పడును. ముందు వాకిట ఇంకొక ఆప్ ఆంపును ద్వారపాలకునిగా నిలిపినచో బయటి యంత్రముల ప్రభావము లోపలి లెక్కలకు తగులదు. తారపు స్పీకరుకు పోవు తీగలో మాత్రము తగిన కెపాసిటరు నొకదానిని రక్షకు ఉంచుట మంచిది. స్విచ్చి వేసినప్పటి దెబ్బకు ఆ సుకుమారి తట్టుకొనలేదు.

ఈ తారపు వైపు వడపోతలోనే 4.7కు బదులు 47 నానోఫారడుల కెపాసిటర్లు వేసినచో సరిహద్దు 239 హెర్ట్జ్‌కు దిగును. అప్పుడు అది గుడి మీద, పంచాయతీ మీద కట్టిన హారన్‌కు కవచముగా పనికివచ్చును. హారన్ తన హద్దునకు క్రింది మంద్రమును పలుకలేదు. పలుకలేక లోపలి పొర వృథాగా ఊగి చినుగును. దానికి పనికిరాని మంద్రమును ముందే ఆపినచో హారన్ ఆయుర్దాయము పెరుగును, గాలి మైకుకు కొట్టు ధన్‌ధన్ శబ్దము తగ్గును, హల్లులు బయటపడును. గ్రామమునకు ఒకే ఒక పరికరము చేయదలచినచో ఇదియే చేయవలెను.

చేయువారికి కొన్ని జాగ్రత్తలు. 10,000 ఓముల మామూలు రెసిస్టరు మీద గోధుమ, నలుపు, నారింజ పట్టెలుండును. 4.7 నానోఫారడుల కెపాసిటరు మీద 472 అనియు, 47 నానోఫారడుల దానిమీద 473 అనియు అంకెలుండును. ప్లాస్టిక్ పొర కెపాసిటర్లే కొని, మీటరుతో కొలిచి, సమానమైనవానిని జతలుగా ఏర్పరచుకొనవలెను. పది కావలసినచోట ఇరువది కొన్నను నష్టము లేదు. విద్యుత్తునకు 15-0-15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, 7815, 7915 అను రెండు క్రమబద్ధకములు చాలును. చిప్పును నేరుగా టంకము వేయక సాకెట్టు బిగించి, చిప్పు పెట్టక ముందే ఎనిమిదవ కాలి చోట ధనము 15 వోల్టులు, నాలుగవ కాలి చోట ఋణము 15 వోల్టులు వచ్చుచున్నవా యని చూడవలెను. ఈ రెండు కాళ్ల దగ్గఱనే 0.1 మైక్రోఫారడు కెపాసిటర్లను ఉంచనిచో చెవికి వినబడని కంపనములు పుట్టి చిప్పు వేడెక్కును.

ఇండ్లలోని విద్యుత్తు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకొనును. అది ధ్వనిలో దూరినచో "గుం" అను రొద వినబడును. పెట్టెలోని భూమి తీగలన్నియు ఒకే బిందువు దగ్గఱ, నక్షత్రపు కిరణములవలె కలియవలెను. గొలుసువలె ఒకదానినుండి ఒకదానికి పోరాదు. దూరము పోవు మైకు తీగలో రెండు దారములును, పైన అల్లికయును ఉండునట్లు చూడవలెను. త్రోవలో దూరిన రొద రెండు దారములలోను ఒకే తీరున పడును. చివర ఒకదాని నుండి ఒకటి తీసివేయగా రొద పోయి మాట నిలుచును. ఒకే పొరపాటు రెండు ఖాతాలలోను పడినచో తీసివేతలో మాయమైనట్లే ఇది.

రొద పోవుటలేదని మూడు కాళ్ల ప్లగ్గులో పెద్ద కాలిని విఱిచివేయువారు కలరు. అంతకంటె అపాయమైన పని లేదు. ఆ కాలు యంత్రమునకు కాదు, మనిషికి. 230 వోల్టులు రేకు పెట్టెకు తగిలిన రోజున, తడినేల మీద నిలిచి మైకు పట్టుకొన్నవాని ప్రాణమునకు ఆ ఒక్క తీగయే అడ్డు. మెయిన్సు తీగల పని తెలిసినవాని చేత చేయింపవలెను; పెట్టె రేకును భూమికి తప్పక కలుపవలెను; తీగ ఊడదీసిన తరువాత కూడ పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండునని మఱువరాదు.

ఈ పరికరములు చేయలేని పనులు కూడ చెప్పుట న్యాయము. నూఱు మీటర్ల దూరమున రెండు హారన్‌లు కట్టినచో, ఒకదాని దగ్గఱ నిలిచినవానికి రెండవదాని మాట సెకనులో మూడవవంతుకు కొంచెము తక్కువ ఆలస్యముగా చేరును. అంతలో ఉపన్యాసకుడు తరువాతి అక్షరము పలికియుండును. ఒక అక్షరము మీద ఇంకొక అక్షరము పడిన చోట ఏ వడపోతయు పనిచేయదు. ఒక్క పెద్ద హారన్‌తో ఊరంతయు అదరగొట్టుటకంటె, చిన్న స్పీకర్లను జనుల దగ్గఱగా నుంచి మెల్లగా పలికించుట శ్రేయము. దూరము రెట్టింపైనకొలది ఆరుబయట ధ్వని 6 డెసిబెల్లు తగ్గును. చివరి వానికి చాలునట్లు ఒక్కచోటనుండియే కేక వేయవలెనన్న మొదటివాని చెవి బలియగును.

చెవి బలియగుట మాటవరుసకు చెప్పినది కాదు. 85 డెసిబెల్లలో దినమునకు 8 గంటలకు మించి ఉండరాదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సిఫారసు. ప్రతి 3 డెసిబెల్లకు కాలము సగమగును: 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కు ఒకటి, 97కు అరగంట, 100కు పదునైదు నిమిషములు. స్పీకరు ఎదుట కూర్చున్న పసిపిల్లలకు ఈ లెక్క ఎవరు చెప్పుదురు? పోయిన వినికిడి తిరిగి రాదు. మొదట పోవునది తారధ్వనియే, అనగా హల్లులే. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము జనులు నివసించు ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి లేక లౌడుస్పీకరు వాడరాదు. రాత్రి పది గంటల నుండి ఉదయము ఆఱు గంటల వఱకు బహిరంగముగా వాడుటకు నిషేధము. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు నూఱు మీటర్లు నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును. చట్టము చెప్పకున్నను, పరీక్షకు చదువుకొను పిల్లవాడు, జ్వరముతో పడుకొన్న ముసలి, పురిటింటి బాలింత ప్రతి వీథిలోను ఉన్నారు. వారిని తలచుకొని త్రిప్పిన మీటయే ధర్మమైన మీట.

నేడు ఈ పనులన్నియు అంకెలుగా మార్చి చేయు చిన్న యంత్రములు చౌకగా దొరకుచున్నవి. అవి ఎన్నో విధముల మేలైనవి కూడ. అట్లయినచో ఈ టంకపు శ్రమ ఏలయని అడుగవచ్చును. అంకెల యంత్రము చెడినప్పుడు పాఱవేయుదురు; ఈ పెట్టె చెడినప్పుడు మూత తీసి, ఏ అంతస్తు వఱకు ధ్వని వచ్చుచున్నదో చెవిపెట్టి విని, ఒక చిన్న భాగము మార్చి బాగుచేయుదురు. అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి. ఈ పెట్టెను చేసినవానికి అంకెల యంత్రము కూడ అర్థమగును. ఏలయన లోపల నడచునవి ఆ బాక్సండాల్, ఆ లింక్విట్జ్ ఆలోచనలే. పెట్టెను చేయనివానికి రెండును మూసిన గుప్పిళ్లే.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయ కార్యవర్గము వారి ఆలోచనకు ఒక సూచన. పుస్తకముల బీరువా ప్రక్కన ఒక చిన్న పెట్టె ఉంచుడు. అందు ఒక టంకపు కఱ్ఱు, ఒక మీటరు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, నాలుగు చిప్పులు చాలును. పుస్తకమువలెనే వానిని కూడ చీటీ మీద ఎరువిండు. హైస్కూలు విద్యార్థులు పదిమంది కలసి, మెయిన్సు తీగల దగ్గఱ తెలిసిన పెద్దవాని నొకని నిలుపుకొని, పంచాయతీ హారన్‌కు ఆ 239 హెర్ట్జ్ కవచమును చేయుదురు గాక. చేసిన తరువాత ఊరి చివర, తుది యింటి అరుగు మీద ఒక ముసలమ్మను కూర్చుండబెట్టి, మైకులో నాలుగు మాటలు చెప్పి, ఏమి వినబడినదో ఆమెను అడుగుడు. "కాలు" అన్నది కాలుగను, "పాలు" అన్నది పాలుగను ఆమె చెప్పినచో పరీక్ష నెగ్గినట్లే. చెప్పలేనిచో మరల మూత తీయవలెను.

గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా మాటను కాగితము మీద చెడకుండ కాపాడినది. గాలిలో పోవు మాటను కూడ చెడకుండ కాపాడుట అదే ధర్మమునకు రెండవ వైపు. స్వస్తి.